క్రైస్తవ యూనివర్సిటీలో రిజిస్ట్రార్ పనేంటి? మీ డిగ్రీకి అసలు సాక్షి ఎవరు?

ఝరాసంగం నుంచి మాట్లాడుతున్నాను.

మన జహీరాబాద్ వైపు "రిజిస్ట్రార్" అనగానే గుర్తొచ్చేది ప్లాటు రిజిస్ట్రేషన్, స్టాంపు కాగితాలు, ఆఫీసు బయట కూర్చునే డాక్యుమెంట్ రైటర్. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఈ ఎపిసోడ్ ఆయన గురించి కాదు. యూనివర్సిటీ రిజిస్ట్రార్ గురించి. అందులోనూ క్రైస్తవ సంస్థలు నడిపే యూనివర్సిటీలో ఆ కుర్చీలో కూర్చునే మనిషి గురించి.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, ఈ మధ్య మన మండలం పిల్లల దగ్గర నుంచి రెండు రకాల ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. ఒకటి: "అన్నా, వేరే రాష్ట్రంలో క్రైస్తవ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతదా?" రెండోది: "వాట్సాప్‌ల ఒక పోస్టర్ వచ్చిందన్నా. ఏడాదిలో డిగ్రీ అంట, పాస్టర్లకైతే డాక్టరేట్ అంట. పైసలు కడితే గౌను, టోపీ, ఫోటో అన్నీ వాళ్లే ఇస్తరంట. నిజమేనా?"

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే టేబుల్ దగ్గర దొరుకుతుంది. ఆ టేబుల్ రిజిస్ట్రార్‌ది.

నేను తొమ్మిదేళ్లు వేరే రాష్ట్రంలో ఒక క్రైస్తవ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో, రికార్డు సెక్షన్‌లో పనిచేశాను. రిజిస్ట్రార్‌ని కాదు, ఆయన టేబుల్ మీద ఫైళ్లు పెట్టేవాణ్ణి. కాబట్టి బయటి నుంచి చూసి చెప్పే మాటలు కావివి. పూర్తిగా వినండి, ఉపయోగపడతాయి.

ముందుగా, ఎవరు ఎవరో తెలుసుకుందాం

యూనివర్సిటీలో పెద్ద పేర్లు నాలుగైదు ఉంటాయి. ఛాన్సలర్ అంటే గౌరవ స్థానం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల గవర్నర్ ఉంటారు. క్రైస్తవ యూనివర్సిటీల్లో అయితే ఆ సంస్థను స్థాపించిన చర్చి పెద్దో, బిషప్పో, సన్యాసి సభ పెద్దో ఉండొచ్చు. కాన్వొకేషన్ రోజు ముందు వరుసలో నడిచేది ఆయనే.

వైస్ ఛాన్సలర్ యూనివర్సిటీని నడిపించే మనిషి. ఏ కోర్సు పెట్టాలి, ఎవరిని తీసుకోవాలి, డబ్బు ఎటు ఖర్చు పెట్టాలి, ఇవన్నీ ఆయన నాయకత్వంలో జరుగుతాయి. లెక్కలు చూడడానికి ఫైనాన్స్ ఆఫీసర్, పరీక్షలు చూడడానికి కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఉంటారు. క్రైస్తవ సంస్థల్లో ఇంకో మనిషి కూడా ఉంటారు, చాప్లిన్. ప్రార్థన, కౌన్సెలింగ్, కష్టంలో ఉన్న పిల్లల్ని పలకరించడం ఆయన పని.

మరి రిజిస్ట్రార్? వీళ్లందరూ తీసుకున్న నిర్ణయాలు కాగితం మీదకు సరిగ్గా ఎక్కాయా లేదా చూసేది ఆయన. కేంద్ర యూనివర్సిటీల నిబంధనలు చదివితే రిజిస్ట్రార్ పనులు వరుసగా రాసి ఉంటాయి. రికార్డులకు, యూనివర్సిటీ అధికారిక ముద్రకు ఆయనే కాపలాదారు. మీటింగులకు నోటీసులు పంపేది, మినిట్స్ రాయించేది ఆయనే. అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాలు ఆయన పేరు మీదే జరుగుతాయి. యూనివర్సిటీ మీద ఎవరైనా కోర్టుకెళ్తే యూనివర్సిటీ తరఫున నిలబడేది కూడా ఆయనే. ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల్లో కొద్దిపాటి తేడాలుంటాయి గానీ అసలు పని ఇదే.

మన ఊరి భాషలో చెప్పాలంటే, పాతకాలంలో పట్వారీ దగ్గర పహాణీ ఎలాగో, యూనివర్సిటీలో రిజిస్ట్రార్ దగ్గర రికార్డు అలాగ. చేను మీరే దున్నుతారు, పంట మీరే తీస్తారు. కానీ పహాణీలో పేరు లేకపోతే ఆఫీసులో మీ మాట ఎవరూ వినరు. నిమ్జ్ కోసం మన ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో భూములు తీసుకుంటున్నప్పుడు, రికార్డులో పేరు ఉండడం అంటే ఏంటో చాలా ఇళ్లకు బాగా తెలిసొచ్చింది. చదువు కూడా అంతే. క్లాసులో కూర్చున్నది మీరు, పరీక్ష రాసింది మీరు. ఇరవై ఏళ్ల తర్వాత "అవును, ఈ మనిషి ఇక్కడ చదివాడు" అని చెప్పాల్సింది మాత్రం ఆ రికార్డు.

ఒక స్టూడెంట్ ఫైలు ఎలా నడుస్తుంది?

ఊరికే పనుల జాబితా చెబితే బోర్ కొడుతుంది. ఒక పిల్లను ఊహించుకోండి. మన దగ్గర ఇంటర్ పాసైంది, క్రైస్తవ యూనివర్సిటీలో డిగ్రీలో చేరింది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి.

అడ్మిషన్ రోజు ఆమె ఎస్సెస్సీ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ తెస్తుంది. సెక్షన్ వాళ్లు చూసి రిజిస్టర్‌లో పేరు ఎక్కిస్తారు. ఇక్కడే మొదటి చిక్కు. మన వైపు చాలా క్రైస్తవ కుటుంబాల్లో బడిలో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఇంకోటి ఉంటాయి. ఇంట్లో, చర్చిలో అందరూ రెండో పేరుతోనే పిలుస్తారు. పిల్లలు అడ్మిషన్ ఫారంలో ఆ పేరు రాసేస్తారు. రికార్డు సెక్షన్ ఒప్పుకోదు. ఎస్సెస్సీ మెమోలో ఏ పేరు, ఏ స్పెల్లింగ్, ఏ ఇంటిపేరు ఉంటే అదే ఎక్కుతుంది. "క్రైస్తవ యూనివర్సిటీ కదా, నా క్రైస్తవ పేరు రాయరా?" అని అడిగినవాళ్లున్నారు. రాయరు. రాస్తే రేపు నష్టపోయేది ఆ పిల్లే. మెమోలో ఒక పేరు, డిగ్రీలో ఇంకో పేరు ఉంటే ఉద్యోగం ఇచ్చేవాడు ఇద్దరు మనుషులనుకుంటాడు.

తర్వాత హాజరు. చాలా యూనివర్సిటీల్లో 75 శాతం ఉండాలి. కొంచెం తగ్గితే, ఆరోగ్య కారణాలుంటే ఫీజు కట్టించుకుని కండోనేషన్ ఇస్తారు. మరీ తగ్గితే డిటెయిన్. తర్వాత పరీక్షలు, మార్కులు. మార్కులన్నీ ఎక్కే పెద్ద పుస్తకాన్ని టాబులేషన్ రిజిస్టర్ అంటారు, ఆఫీసులో "టీఆర్" అని పిలుస్తాం. మీ చేతికొచ్చే మెమో దాని నకలు మాత్రమే. మెమో పోయినా టీఆర్ ఉంటే మీ చదువు ఉన్నట్టే. టీఆర్ పోతే మీ చేతిలో మెమో ఉన్నా దానికి సాక్షి లేనట్టే.

మా సెక్షన్‌లో ఒక పద్ధతి ఉండేది. టీఆర్‌లో తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు అంకె కనబడేలా ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాడికి కూడా తెలియాలి. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది, కానీ నియమం అదే. ఎవరు లాగిన్ అయి మార్చారో సిస్టమ్‌లో ఉండాల్సిందే.

చివరికి ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మెమో, తర్వాత ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 2008 నాటి యూజీసీ నియమాల ప్రకారం, కోర్సు పూర్తి చేసి అర్హత పొందినవాళ్లకు 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలి. "కాన్వొకేషన్ ఎప్పుడో తెలీదు, అప్పటిదాకా ఆగండి" అని ఏళ్ల తరబడి తిప్పడానికి వీల్లేదు.

క్రైస్తవ యూనివర్సిటీలో తేడా ఎక్కడ?

చాలామంది అనుకునేది ఏంటంటే, క్రైస్తవ సంస్థ అంటే రూల్స్ కొంచెం సడలిస్తారు, అందరూ అన్నదమ్ముల్లా ఉంటారు కదా అని. నిజానికి రిజిస్ట్రార్ పని అక్కడే కష్టమవుతుంది.

ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెల్యే ఉత్తరం వస్తుంది. ఇక్కడ పాస్టర్ ఉత్తరం వస్తుంది. "ఈ అబ్బాయి మా సంఘంలో వాయిద్యం వాయిస్తాడు, మీటింగుల కోసం తిరిగాడు, హాజరు కొంచెం చూడండి" అని. "మా సంఘం పెద్ద కూతురు, ఒక్క సబ్జెక్టు పోయింది, ప్రార్థనాపూర్వకంగా పరిశీలించండి" అని. రాసేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నిజంగానే ప్రేమతో రాస్తారు. అందుకే కాదనడం ఇంకా కష్టం.

నేను చూసిన ఒక రిజిస్ట్రార్ ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడు రెండు పనులు చేసేవారు. స్టూడెంట్ నిజంగా కష్టంలో ఉంటే చాప్లిన్ దగ్గరకి, ఫీజు సహాయం చూసే కమిటీ దగ్గరకి పంపేవారు. హాజరు రికార్డును మాత్రం ముట్టుకునేవారు కాదు. ఉత్తరాన్ని చింపేసేవారూ కాదు. అది కూడా ఫైల్లో పెట్టి, "నిబంధనల ప్రకారం వీలుకాదు" అని రాసి సంతకం చేసేవారు. దయ చూపించడానికి యూనివర్సిటీలో వేరే దారులున్నాయి. రికార్డులో దయ చూపిస్తే, అదే బెంచీ మీద కూర్చుని నిజాయితీగా 75 శాతం తెచ్చుకున్న పిల్లకి అన్యాయం జరుగుతుంది. ఆ పిల్ల తరఫున ఎవరూ ఉత్తరం రాయరు. ఆమె తరఫున అక్కడ ఉన్నది రిజిస్ట్రారే.

ఇంకో తేడా యాజమాన్యం. పైన కౌన్సిల్లో చర్చి ప్రతినిధులు ఉంటారు, కింద అకడమిక్ కౌన్సిల్లో ప్రొఫెసర్లు ఉంటారు. చర్చి వాళ్లు ఒకటి అనుకుంటారు, ప్రొఫెసర్లు ఒకటి అనుకుంటారు. రెండు మీటింగులకూ సాధారణంగా కార్యదర్శి రిజిస్ట్రారే. ఎవరేం మాట్లాడారు, ఏం తీర్మానించారు అన్నది ఆయన రాసిన మినిట్స్‌లో ఎలా ఉంటే రేపు అదే సాక్ష్యం. తనకు నచ్చిన మాట పెద్దగా, నచ్చని మాట చిన్నగా రాసే రిజిస్ట్రార్ ఉంటే ఆ సంస్థ పని అయిపోయినట్టే.

ఒక పాత కథ: సెరాంపూర్

ఇప్పుడు మన దేశంలో క్రైస్తవ యూనివర్సిటీ అనే మాట ఎక్కడ మొదలైందో చూద్దాం. ఎందుకంటే "డిగ్రీ ఇచ్చే అధికారం" ఎక్కడి నుంచి వస్తుందో ఆ కథలో బాగా అర్థమవుతుంది.

కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున సెరాంపూర్ అనే ఊరు. అప్పట్లో అది డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు మిషనరీలు అక్కడ 1818లో కాలేజీ పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఆ కాలేజీకి రాజశాసనం ఇచ్చాడు. కోపెన్‌హాగన్ లాంటి యూనివర్సిటీల మాదిరిగా డిగ్రీలు ఇచ్చే అధికారం దాంతో వచ్చింది. 1845లో డెన్మార్క్ ఆ ఊరిని ఇంగ్లీషు వాళ్లకు అమ్మేసింది. అమ్మేటప్పుడు ఒప్పందంలో కాలేజీ హక్కులు అలాగే ఉంటాయని రాయించుకున్నారు. తర్వాత 1918లో బెంగాల్ శాసనసభ సెరాంపూర్ కాలేజీ చట్టం చేసింది. మన ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన సంవత్సరం కూడా 1918 అన్నది గమనించండి.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఏంటి? ముగ్గురూ పేరున్న పండితులు, సొంత ప్రెస్సు ఉంది, సొంత కాలేజీ ఉంది. అయినా "మేం యూనివర్సిటీ" అని బోర్డు పెట్టుకుని ఊరుకోలేదు. రాజశాసనం తెచ్చుకున్నారు. రాజ్యం మారినప్పుడు దాన్ని ఒప్పందంలో రాయించుకున్నారు. తర్వాత దానికి చట్టం వచ్చింది. ఎంత మంచి పాఠం చెప్పినా, డిగ్రీ ఇవ్వాలంటే వెనక చట్టం ఉండాల్సిందే.

ఇందులో తెలుగు సంగతి కూడా ఉంది. 1812 మార్చిలో సెరాంపూర్ ప్రెస్సు తగలబడింది. అచ్చు అక్షరాలు, కాగితం, రాతప్రతులు ఎన్నో కాలిపోయాయి. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా అందులో పోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి రాస్తే 1814లో అచ్చయింది. వ్యాకరణం కాబట్టి తిరిగి రాయగలిగాడు. అదే ఒక బ్యాచ్ మార్కుల రిజిస్టర్ కాలిపోతే? ఎవరు తిరిగి రాస్తారు? దాన్ని జ్ఞాపకం నుంచి రాస్తే నేరం అవుతుంది. అందుకే మా ఆఫీసులో రికార్డు గదిలో అగ్గిపెట్టె కనబడితే పెద్ద గొడవ అయ్యేది. వాన పడితే ముందు పైకప్పు వైపు చూసేవాళ్లం.

ఈ రోజుకీ సెరాంపూర్ సెనేట్ కింద దేశమంతటా, శ్రీలంకలో కూడా, థియాలజీ కాలేజీలున్నాయి. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ వాటిలో ఒకటి. వేర్వేరు చర్చిల వాళ్లు కలిసి 1964లో రాజమండ్రిలో మొదలుపెట్టారు, తర్వాత హైదరాబాద్‌కు మారింది. మన వైపు నుంచి పాస్టర్ చదువుకు వెళ్లే పిల్లల్లో కొందరు చదివేది ఈ డిగ్రీలే.

ఇలాంటి చోట రిజిస్ట్రార్ పని ఇంకో రకం. ఆయన కింద క్యాంపస్ ఒక్కటి కాదు, ఎన్నో కాలేజీలు. ఒక కాలేజీ లూథరన్, ఒకటి బాప్టిస్టు, ఒకటి సీఎస్‌ఐ, ఒకటి మెథడిస్టు. భాషలు వేరు, సంప్రదాయాలు వేరు. కానీ బీడీ డిగ్రీ అందరికీ ఒకటే. హైదరాబాద్‌లో చదివిన బీడీకీ, ఈశాన్యంలో చదివిన బీడీకీ ఒకే విలువ ఉండాలి. ఏ చర్చికీ పక్షపాతం లేదని అన్ని చర్చిలూ నమ్మాలి. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది ప్రసంగాలు కాదు. ప్రశ్నపత్రం, సిలబస్, మార్కుల పుస్తకం.

బోర్డు మీద "యూనివర్సిటీ" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. 1956 యూజీసీ చట్టంలో 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇవ్వగలిగేది మూడు రకాల సంస్థలు. కేంద్ర లేదా రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీ. కేంద్రం "డీమ్డ్" హోదా ఇచ్చిన సంస్థ. పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ. అంతే. 23వ సెక్షన్ అయితే, అలా ఏర్పడని సంస్థ తన పేరులో "యూనివర్సిటీ" అనే మాట వాడడాన్నే నిషేధిస్తుంది.

క్రైస్తవ సంస్థల్లో ఉదాహరణలు చూడండి. బెంగళూరు క్రైస్ట్‌కు 2008లో డీమ్డ్ హోదా వచ్చింది. కోయంబత్తూరు కారుణ్యకు 2004లో వచ్చింది. షిల్లాంగ్‌లోని మార్టిన్ లూథర్ క్రిస్టియన్ యూనివర్సిటీకి మేఘాలయ 2005లో చట్టం చేసింది. దారి వేరైనా, ప్రతిదాని వెనకా ఒక చట్టమో, ఒక ప్రభుత్వ నోటిఫికేషనో ఉంది. అడిగితే నంబరుతో సహా చూపిస్తారు.

ఇప్పుడు రెండో వైపు. యూజీసీ తన వెబ్‌సైట్‌లో ఫేక్ యూనివర్సిటీల జాబితా పెడుతుంది. అందులో ఆంధ్రప్రదేశ్ కింద కనిపించే పేర్లు రెండు. గుంటూరు అడ్రసుతో "క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ", విశాఖపట్నం అడ్రసుతో "బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా". పేర్లు వినండి. ఒకదాంట్లో "డీమ్డ్" ఉంది, ఇంకోదాంట్లో "ఓపెన్" ఉంది, "ఆఫ్ ఇండియా" కూడా ఉంది. పేరు చూసి నమ్మితే ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే 24వ సెక్షన్ కింద జరిమానా వెయ్యి రూపాయల వరకు. అవును, వెయ్యే. 1956 నాటి అంకె. మోసం కేసు వేరే పెట్టొచ్చు, అది వేరే సంగతి. కానీ యూజీసీ చట్టంలో శిక్ష ఇంతే కాబట్టి, మనల్ని మనమే కాపాడుకోవాలి.

చట్టం ఉంటే చాలా అంటే, అది కూడా సరైన చట్టం అయ్యుండాలి. ఛత్తీస్‌గఢ్ 2002లో ఒక ప్రైవేటు యూనివర్సిటీల చట్టం చేసింది. దాని కింద నోటిఫికేషన్లతో వందకు పైగా యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. కొన్నింటికి సరైన బిల్డింగు కూడా లేదు. 2005లో సుప్రీంకోర్టు ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో ఆ నిబంధనల్ని కొట్టేసింది, యూనివర్సిటీలు రద్దయ్యాయి.

కొందరు ఇంకో మాట చెబుతారు. "మాది మైనారిటీ సంస్థ, రాజ్యాంగం 30వ అధికరణ ప్రకారం మాకు ఏ అనుమతీ అక్కర్లేదు" అని. 30వ అధికరణ మైనారిటీలకు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. నిజమే, చాలా విలువైన హక్కు. కానీ డిగ్రీ ఇవ్వాలంటే 22వ సెక్షన్ దారిలోనే రావాలి. బైబిల్ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు కాదు, ఎన్నో బైబిల్ స్కూళ్లు నిజాయితీగా అదే చేస్తున్నాయి. "మాది ట్రైనింగ్ మాత్రమే" అని చెప్పి చేస్తే గౌరవమే. దాన్నే డిగ్రీ అని అమ్మితేనే మోసం.

ఫోన్‌లోనే ఎలా చెక్ చేయాలి?

ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒకటి. యూజీసీ అధికారిక వెబ్‌సైట్‌లో యూనివర్సిటీల జాబితా చూడండి. సెంట్రల్, స్టేట్, డీమ్డ్, ప్రైవేట్ అని నాలుగు జాబితాలుంటాయి. ఫేక్ జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఒక జాగ్రత్త, ఫేక్ జాబితాలో పేరు లేదంటే అసలైనదని అర్థం కాదు. ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదేమో.

రెండు. ఏ చట్టం, ఏ సంవత్సరం అని అడగండి. అసలు యూనివర్సిటీ ఒక్క వాక్యంలో చెబుతుంది. "అమెరికాలో రిజిస్టర్ అయ్యాం", "ట్రస్టు రిజిస్ట్రేషన్ ఉంది", "ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉంది" అంటే అది జవాబు కాదు. ట్రస్టు, సొసైటీ రిజిస్ట్రేషన్ ఎవరైనా చేసుకోవచ్చు. డిగ్రీకీ దానికీ సంబంధం లేదు.

మూడు. రిజిస్ట్రార్ ఎవరు, ఆఫీసు ఎక్కడ, పాత సర్టిఫికెట్లు వెరిఫై చేసే పద్ధతి ఏంటి అని అడగండి. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసే ప్రశ్న ఇదే. దొంగ సంస్థకు ఛాన్సలర్ ఉంటాడు, ఫౌండర్ ఉంటాడు, అంతర్జాతీయ అధ్యక్షుడు కూడా ఉంటాడు. రికార్డు గది మాత్రం ఉండదు. "పదేళ్ల కింద మీ దగ్గర చదివినవాళ్ల రికార్డు ఎలా చూపిస్తారు?" అంటే ఫోన్ పెట్టేస్తారు.

నాలుగు. డిజిలాకర్‌లో చూడండి. ఇప్పుడు ఎన్నో యూనివర్సిటీలు నేషనల్ అకడమిక్ డిపాజిటరీ ద్వారా మెమోలు, డిగ్రీలు అందులో పెడుతున్నాయి. మీ సీనియర్‌ని అడిగి ఆయన మెమో కనిపిస్తుందా అని చూడమనండి.

ఐదు. ఏ పనికి ఆ డిగ్రీ కావాలో ముందే అనుకోండి. థియాలజీ డిగ్రీ చర్చి సేవకు, థియాలజీ పైచదువుకు. అదే డిగ్రీతో ప్రభుత్వ ఉద్యోగానికి అప్లై చేయాలనుకుంటే, నోటిఫికేషన్‌లో ఏ అర్హత అడిగారో చదివి, సమానత్వం గురించి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చదివాక తెలుసుకుంటే నాలుగేళ్లు వెనక్కి రావు.

రిజిస్ట్రార్‌తో పని పడితే

పేరు తప్పు పడిందా? మెమో చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి, ఎస్సెస్సీ మెమో జిరాక్స్ జత చేయండి. ఆలస్యమైన కొద్దీ దిద్దుబాటు ఫీజు, అఫిడవిట్లు పెరుగుతాయి.

ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉంచుకుంటామన్నారా? 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. వెరిఫై చేసి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ఫీజు కోసం సర్టిఫికెట్లను తాకట్టులా ఆపడానికి వీల్లేదు.

విదేశాలకు వెళ్తున్నారా? ట్రాన్స్‌క్రిప్ట్‌లు చాలాసార్లు యూనివర్సిటీ నుంచి నేరుగా, సీల్ వేసిన కవర్లోనో ఆన్‌లైన్‌లోనో వెళ్లాలి. మీ చేతి మీదుగా వెళ్తే ఒప్పుకోరు. కాబట్టి రెండు మూడు నెలల ముందే అప్లై చేయండి.

రాసేటప్పుడు పెద్ద కథ వద్దు. పేరు, హాల్ టికెట్ నంబరు, కోర్సు, పాసైన సంవత్సరం, ఏం కావాలి, ఫోన్ నంబరు. ఆరు లైన్లు చాలు. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "సార్‌తో మాట్లాడిన" అన్న మాటకు ఆఫీసులో విలువ లేదు, ముద్ర ఉన్న కాపీకి ఉంది. అయినా పని కాకపోతే, 2023 యూజీసీ నియమాల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో స్టూడెంట్ల ఫిర్యాదుల కమిటీ, దానిపైన ఆంబుడ్స్‌పర్సన్ ఉండాలి. అక్కడికి వెళ్లండి.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి మా సెక్షన్‌కు ఒక నడివయసు ఆమె వచ్చింది. వరదలో ఇల్లు మునిగి సర్టిఫికెట్లన్నీ పోయాయి. టీచర్ ఉద్యోగంలో ప్రమోషన్ కోసం వెరిఫికేషన్ అడిగారు. ఆమె చదివి అప్పటికి ఇరవై రెండేళ్లు. హాల్ టికెట్ నంబరు గుర్తులేదు, సంవత్సరం మాత్రం గుర్తుంది. ఆ ఏడాది టీఆర్ తీశాం. మూడో పేజీలో పేరు ఉంది. ఒక పేపర్లో మార్కు కొట్టేసి పక్కన వేరే అంకె వేసి, ఎవరో తేదీతో సంతకం పెట్టారు. ఆ సంతకం చేసిన మనిషి అప్పటికి రిటైర్ అయిపోయారు. కానీ ఆయన ఆ రోజు వైట్‌నర్ పూయకుండా గీత కొట్టి సంతకం పెట్టారు కాబట్టి, ఆ దిద్దుబాటు మీద ఎవరికీ అనుమానం రాలేదు. వారంలో ఆమెకు డూప్లికేట్ వచ్చింది.

డబ్బు కట్టి గౌను వేసుకుని ఫోటో దిగినవాళ్లకు ఇలాంటి రోజు వస్తే ఎవరి దగ్గరకు వెళ్తారు? ఆ ఫోటో తీసినవాడి ఫోన్ నంబరు అప్పటికి పనిచేయదు. మన మండలంలోనే అప్పు చేసి అలా డబ్బు కట్టినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. చదువుకోవాలని, పేరుకు ముందు ఒక గౌరవం ఉండాలని ఆశపడ్డవాళ్లే. ఆ ఆశ తప్పు కాదు. దాన్ని అమ్ముకునేవాడిదే తప్పు. మీ ఇంట్లోనో, మీ చర్చిలోనో అలాంటివాళ్లుంటే ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని మీ ఫోన్‌లో యూజీసీ జాబితా తెరిచి చూపించండి, ఇంకా కట్టాల్సిన వాయిదా ఏదైనా ఉంటే ఆపించండి.

అడ్మిషన్ ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న మర్చిపోకండి. "ఇరవై ఏళ్ల తర్వాత నేను వస్తే, నేను ఇక్కడ చదివానని చెప్పే పుస్తకం మీ దగ్గర ఉంటుందా?" ఉంటుందని చూపించగలిగితే చేరండి. మీకు ఎవరైనా పంపిన పోస్టర్ మీద అనుమానం ఉంటే, ఆ సంస్థ పేరు, వాళ్లు చెప్పిన చట్టం పేరు రాసి పంపండి. జాబితాలో ఎలా వెతకాలో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తాను.

ఉంటాను మరి. బాగా చదువుకోండి.